మాసిక కింద పేరు

కటింగ్ మాస్టారు ఈ లోకంలో నమ్మిన వస్తువు ఒకే ఒక్కటి, ఇనప స్కేలు. ఎండాకాలంలో దాన్ని కూడా పూర్తిగా నమ్మేవారు కాదు. ఇనుము వేడికి సాగుతుందని ఎక్కడో విన్నారట. ఇక మనుషుల సంగతి చెప్పేదేముంది! "బాగున్నారా మాస్టారూ?" అని ఎవరైనా పలకరిస్తే, ఇతను ఇది ఎందుకు అడుగుతున్నట్టు అని ఒక నిమిషం ఆలోచించుకుని గానీ జవాబు చెప్పేవారు కాదు.

రోజూ పొద్దున కొట్టు తెరవగానే మెడలో టేపు తీసి బల్ల మీద పరిచేవారు. పక్కనే ఇనప స్కేలు పెట్టేవారు. ఒక కన్ను మూసి, అంగుళం అంగుళం పోల్చి చూసేవారు, టేపు ఎక్కడైనా సాగిందేమోనని. పదకొండేళ్ళుగా అది వెంట్రుకవాసి కూడా సాగలేదు. మూలన గుడ్డ అంచులు కుట్టే మిషను దగ్గర కూర్చునే ఓవర్‌లాక్ బాబాయ్‌కి ఇది రోజూ చూసే వినోదం. కొట్టుకొచ్చే వాళ్ళందరికీ ఆయన బాబాయే, మాస్టారితో సహా.

"ఏం మాస్టారూ, ఇవాళైనా దొరికాడా దొంగ?"

"ఇవాళ్టికి దొరకలేదు. సాగని టేపంటూ ఉండదు బాబాయ్. దొరకని టేపు ఉంటుంది, అంతే."

ఆ కొట్టులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవారు. మాస్టారు కొలిచి కత్తిరిస్తారు, బాబాయ్ కుడతాడు, కాజాలు తీసి బొత్తాలు కుట్టే పని ఒక అమ్మాయిది. ఆమెను అందరూ కాజాల అమ్మాయి అనేవారు. చేరి నాలుగు నెలలైంది. ఆమెతో పాటు ఆమె పాప కూడా వచ్చేది. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు మెత్తగా పరిచిన పెద్ద బుట్టలో పడుకుని, మిషను చప్పుడు ఆగితే లేచి ఏడ్చేది, మళ్ళీ మొదలైతే నిద్రపోయేది.

కాజాల అమ్మాయికి మాస్టారంటే భయం. దానికి కారణం ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకం.

అది కొలతల పుస్తకం. అందరి పుస్తకాల్లో మెడ, ఛాతీ, నడుము, చేతి పొడవు ఉంటాయి. మాస్టారి పుస్తకంలో మూడు గడులు ఎక్కువ: లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము, చివర్న 'అనుమానం'. ఎప్పుడో ఒకాయన పావుగంట కూర్చుని "పొద్దుట్నించీ కూర్చోబెట్టారు" అని వీధి వీధంతా చెప్పాడట. ఆ రోజు మొదలుకొని ఎవరొచ్చినా గోడ గడియారం చూసి టైము వేయాల్సిందే.

అనుమానం గడిలో ఏముంటుందో ఆమె చేరిన మొదటి వారమే తెలిసింది. బడిలో ఆటలు నేర్పే టీచరు ఒకాయన ప్యాంటు కొలతలకు వచ్చి, "ముప్పై నాలుగు రాసుకోండి" అన్నాడు. మాస్టారు టేపు నడుము చుట్టూ వేసి, "మీ ఇంట్లో ఎంతమందండీ?" అన్నారు.

"ఎందుకూ?"

"చెప్పండి. పేర్లతో సహా."

పాపం ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నోరు తెరిచి మాట్లాడుతూ పొట్ట బిగపట్టడం మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదు. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి పొట్ట తన చోటికి తాను వచ్చేసింది.

"ముప్పై ఎనిమిది," అని మాస్టారు పుస్తకంలో రాసుకున్నారు. పక్కన అనుమానం గడిలో, 'ముప్పై నాలుగన్నాడు. ఇంట్లో అద్దం చిన్నది కాబోలు.'

ఊరందరి మీదా ఉన్న ఈ అనుమానం ఎదురు వరస టైలరు మీద మరీ ఎక్కువ. తన కాలర్ కట్‌ను అతను తొంగి చూసి కాపీ కొడుతున్నాడని మాస్టారి గట్టి నమ్మకం. అందుకని వీధివైపు కిటికీకి మేకులు కొట్టించారు. పదకొండేళ్ళుగా ఆ కొట్టులో గాలి, వెలుతురు అంటే ఫ్యాను, బల్బే. "అనుమానం పెనుభూతం మాస్టారూ," అని బాబాయ్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. "భూతం సంగతి నాకు తెలీదు, కాలర్ సంగతి తెలుసు," అనేవారు మాస్టారు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది. కానీ ఒక మధ్యాహ్నం మాస్టారు అన్నానికి వెళ్ళినప్పుడు తెరిచి ఉన్న పుస్తకంలో కాజాల అమ్మాయి ఒక వరస చదివింది. 'పాప. వచ్చింది 10.05. తుమ్ములు రెండు. వయసు ఏడు నెలలట. తల్లిని మళ్ళీ అడగాలి.'

ఆమె ఆ వరస మళ్ళీ చదివింది. ఇంతకు ముందు చేసిన చోట పాపను తీసుకొస్తోందనే మాన్పించేశారు. ఆ యజమాని కూడా మొదట ఇలాగే లెక్కలు రాశాడు, ఎన్నిసార్లు ఏడ్చింది, ఎన్నిసార్లు పాలకు లేచింది అని. మాస్టారు ఆ పనే మొదలుపెట్టారన్నమాట. ఆ రోజు నుంచి పాప తుమ్ము వస్తుందనిపిస్తే చాలు, ఆమె కత్తెర కింద పడేసి చప్పుడు చేసేది.

అదే వారం ఆరోగ్య కేంద్రం నర్సమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. పక్క పేటలో నలుగురు పిల్లలకు తట్టు సోకిందట. బడులు తెరిచే రోజులు కదా, యూనిఫారాల కొట్టుకు పిల్లలంతా వస్తారు, గోడకు అంటించుకోమని ఒక కాగితం ఇచ్చింది. ఇచ్చి వెళ్ళిపోదామనుకుంది పాపం. మాస్టారి చేతికి చిక్కి వెళ్ళగలిగిన వాళ్ళెవరు?

"తట్టు అని ఎలా తెలుస్తుంది?"

"ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం. మూడు నాలుగు రోజులకి చెవుల వెనక, నుదుటి మీద ఎర్రటి దద్దులు మొదలై కిందికి దిగుతాయి."

"దద్దులు వచ్చాకే కదా అంటుకునేది?"

"అదే కదా చిక్కు! దద్దులు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ముట్టుకోనక్కర్లేదు, గాలి చాలు. రోగం ఉన్నవాళ్ళు గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో ఉంటుంది."

"రెండు గంటలని ఎవరు లెక్కపెట్టారు?"

నర్సమ్మ మాస్టారి వైపు ఎగాదిగా చూసింది. "లెక్కపెట్టిన వాళ్ళున్నారు లెండి. మీలాంటి వాళ్ళే."

ఇలా ముప్పై ప్రశ్నలయ్యాయి. చివరిది మాత్రం మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. అడుగుతూ బుట్ట వైపు చూశారు. కాజాల అమ్మాయికి మాటలు వినపడలేదు, చూపు మాత్రం కనపడింది. నర్సమ్మ ఏదో చెప్పింది, మాస్టారు ఏదో రాసుకున్నారు. 'అయిపోయింది, నా బిడ్డ వల్ల రోగమొస్తుందని అడుగుతున్నాడు,' అనుకుంది ఆమె. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే పాప ముక్కు తుడిచింది.

సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి మాస్టారు టేపుతో నేల కొలుస్తున్నారు. "బుట్ట ఇక్కడ వద్దు. పెరటి గుమ్మం దగ్గర పెట్టు," అన్నారు.

"ఎందుకు మాస్టారూ?"

"ఎందుకంటే నేను చెప్పాను కాబట్టి."

'ఇవాళ గుమ్మం దగ్గరికి, రేపు గుమ్మం బయటికి,' అని లోలోపల కుమిలిపోతూ ఆమె బుట్ట జరిపింది.

ఆ రోజు కొట్టు తిరనాళ్ళలా ఉంది. నలభై మంది పిల్లలు, వాళ్ళ తల్లులు, తండ్రులు. ముక్కులు కారేవాళ్ళు, దగ్గేవాళ్ళు, కొత్త చొక్కా కోసం ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డవాళ్ళు. మాస్టారు ఒక్కొక్కరి మెడకు టేపు వేస్తూ, "నీ స్నేహితుల పేర్లు చెప్పు" అని మాట్లాడిస్తూ, రాస్తూనే ఉన్నారు.

బుధవారం మాస్టారు ఎన్నడూ చేయని పని చేశారు. "అయిదు కాలర్ల కొలత తప్పుగా తీశానని అనుమానం," అంటూ టేపు మెడలో వేసుకుని ఇళ్ళ మీదికి బయల్దేరారు. బాబాయ్ మిషను ఆపేశాడు. "మాస్టారి కొలత తప్పడమా! అమ్మాయ్, ఈయనకి జ్వరం గానీ వచ్చిందేమో చూడాల్సింది."

మధ్యాహ్నం మూడున్నరకు మాస్టారు చెమటలు కక్కుతూ తిరిగొచ్చారు. పుస్తకం చంకలో పెట్టుకున్నారు. "అమ్మాయ్, పాపని తీసుకో. బయల్దేరు."

ఆమె సూదిని చొక్కాకు గుచ్చేసింది. "నన్ను పంపించేస్తున్నారా మాస్టారూ?"

"అవును."

"నేనేం తప్పు చేశాను? పాప తుమ్మినందుకా? తుమ్మని పిల్లలు ఎక్కడైనా ఉంటారా?"

"ఆరోగ్య కేంద్రం అయిదింటికి మూసేస్తారు. ఏడుపు దారిలో ఏడుద్దువు గానీ, ముందు నడు."

దారిలో సంగతి తెలిసింది. సోమవారం కళ్ళు ఎర్రగా ఉన్న పిల్లలు అయిదుగురు. ఏడ్చారంటే మాస్టారు నమ్మలేదు. కాలర్ వంకతో అయిదిళ్ళకూ వెళ్ళి చెవుల వెనక చూశారు. నాలుగిళ్ళలో నిజంగా ఏడుపే. అయిదో ఇంట్లో దద్దులు. పిల్లకో పిల్లాడికో, ఎవరికన్నది మాత్రం ఆయన చెప్పలేదు. ఆ తల్లిని అప్పటికప్పుడే బిడ్డతో నర్సమ్మ దగ్గరికి పంపించారు, మిగతా వాళ్ళకు దూరంగా చెట్టు కింద కూర్చోమని చెప్పి. తట్టే కావచ్చని, పరీక్షకు పంపామని నర్సమ్మ కబురు చేసింది.

కాజాల అమ్మాయి పాపను గట్టిగా పొదువుకుంది. పాపకు ఏడు నెలలే. తట్టు టీకా వేసేది తొమ్మిది నిండాక.

"ఎవరు మాస్టారూ? ఎవరి పిల్లలు?"

"పేరు నీకెందుకు? మనక్కావాల్సింది టైము. మూడు రోజుల లోపల వేస్తే ఈ వయసు వాళ్ళకి కూడా టీకా పనికొస్తుందట. డెబ్బై రెండు గంటల్లో యాభై మూడు అయిపోయాయి. మీనమేషాలు లెక్కపెట్టక నడు."

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ అడిగిన మొదటి ప్రశ్న టైము గురించే. "తగిలింది ఎప్పుడో తెలుసా? అందరూ ఆదివారమో సోమవారమో అంటారు, నా తల ప్రాణం తోకకొస్తుంది."

మాస్టారు పుస్తకం తెరిచారు. ఒక వరసలో పేరు మీద అరచెయ్యి అడ్డం పెట్టి చదివారు. "సోమవారం లోపలికి పది నలభై. బయటికి పది యాభై రెండు. పాప బుట్ట పదమూడు అడుగుల నాలుగంగుళాల దూరం. అయినా కిటికీ మూసి ఉంది కాబట్టి దూరాన్ని నేను నమ్మను."

నర్సమ్మ ఆ అంకెలు కాగితం మీద రాసుకుంది. తర్వాత నవ్వింది. "వీధికొక అనుమానం మనిషి ఉంటే నా ఉద్యోగం ఎంత హాయిగా ఉండును!"

పాపకు టీకా పడింది. ఇది ముందు జాగ్రత్త డోసు మాత్రమే, తొమ్మిది నిండాక మామూలుది మళ్ళీ వేయించాలి, ఇరవై ఒక్క రోజులు ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకుని ఉండాలి అని చెప్పి నర్సమ్మ కాజాల అమ్మాయి చిన్నప్పటి టీకాల సంగతీ అడిగింది. ఆమెకు రెండు డోసులూ పడ్డాయి. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"మీకు చిన్నప్పుడు తట్టు వచ్చిందా?"

"వచ్చిందని మా అమ్మ అనేది. నేను అందగాణ్ణని కూడా మా అమ్మే అనేది."

"అయితే చెయ్యి చాపండి."

మాస్టారు సీసా మీద తేదీ చదివారు. వెలుతురులో పెట్టి మళ్ళీ చదివారు. సూది కొత్తదేనా అన్నారు. చేయి కొయ్యలా బిగించారు. నర్సమ్మ దూదితో తుడుస్తూ, "మీ ఇంట్లో ఎంతమందండీ?" అంది.

"నేను, మా అక్క, మా బావ..."

"అయిపోయింది. దూది నొక్కి పట్టుకోండి."

"ఇది నా కిటుకు!" అని మాస్టారు అరిచారు. అంత కంగారులోనూ కాజాల అమ్మాయికి నవ్వొచ్చింది. ఆయన దూది పట్టుకుంటే పుస్తకం ఆమె చేతిలోకి వచ్చింది. నర్సమ్మ కొట్టుకు వచ్చిన నాటి పేజీలో పెన్సిలుతో రాసి ఉంది: 'పాపకి టీకా లేదు. తొమ్మిది నిండే దాకా నాకు నిద్ర లేదు. సోమవారం నుంచి జనం. బుట్ట పెరటి గుమ్మం గాలికి పెట్టాలి. తల్లికి చెప్తే హడలిపోతుంది, చెప్పకూడదు.' ఆమె పుస్తకం మూసి ఇచ్చేసింది. ఈ మనిషిని నాలుగు నెలలుగా ఎంత తప్పుగా అనుకుందో తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున మాస్టారు కిటికీ మేకులు ఊడబెరికారు. రెక్కలు తెరిచేసరికి ఎదురు టైలరు చేతిలో కత్తెరతో బిత్తరపోయి చూశాడు. మాస్టారు కూడా కాసేపు అతన్నే చూసి, "సరే, చూసుకో!" అని కొలతల బల్లను వరండాలోకి లాగించారు. ఆ పని అయ్యాక, మొన్న సోమవారం పది నలభై నుంచి పన్నెండు యాభై రెండు దాకా కొట్టులో అడుగుపెట్టిన ముప్పై ఒక్క ఇళ్ళకూ వెళ్ళారు.

"మీ పిల్లలకి రెండు టీకాలూ పడ్డాయా?"

"పడ్డాయి మాస్టారూ."

"కార్డు చూపించండి."

"మా మాట మీద నమ్మకం లేదా?"

"లేదు. చూపించండి."

ఈ సంగతులన్నీ కాజాల అమ్మాయికి ఫోనులో బాబాయ్ చెప్పేవాడు. కార్డుల్లో ఒక్క డోసే పడ్డ పిల్లలు ఆరుగురు తేలారట, అందరికీ రెండోది వేయించారట. తట్టు ఎవరు తెచ్చారని ఊరంతా గొడవట. వీధి చివర కొత్తగా దిగిన కుటుంబమని కొందరు, ఇస్త్రీ చేసే వాళ్ళ పిల్లలని కొందరు. మాస్టారిని నిలదీస్తే, "నా కొట్టు తెచ్చింది. పదకొండేళ్ళు కిటికీ మూసి గాలి ఆడకుండా చేసింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి," అంటున్నారట. జనం మొహమాటపడకుండా తిట్టారట. ఇద్దరు గుడ్డ వెనక్కి తీసుకుని ఎదురు టైలరుకు ఇచ్చేశారట.

"లోకంలో అందర్నీ అనుమానించే మనిషి," అన్నాడు బాబాయ్, "అసలు తెలిసిన ఒక్క పేరు మాత్రం మింగేశాడమ్మా."

రోజూ సాయంత్రం నాలుగున్నరకు మాస్టారు, ఇంట్లోనే కాజాలు తీయడానికి చొక్కాల సంచితో ఆమె ఇంటి గేటు దగ్గర దిగేవారు. సంచి గేటుకు తగిలించి ఆరడుగులు వెనక్కి జరిగేవారు.

"జ్వరం?"

"లేదు మాస్టారూ."

"దగ్గు?"

"లేదు."

"కళ్ళు?"

"రెండున్నాయి."

"నేనడిగింది ఎరుపు! చెవుల వెనక చూపించు. ఆ చెవి కూడా."

రోజుకొక గీత పుస్తకంలో పడేది. ఇరవై ఒకటో గీత పడింది. పాపకు తట్టు రాలేదు. తల్లికి మాత్రం అనుమానం అంటుకుంది. కాజాలు కుడుతూ కుడుతూ ఆ సోమవారం వచ్చిన పిల్లల్ని ఒక్కొక్కరినే తలుచుకునేది. ఆ దగ్గిన రెండు జడల పిల్లా? ముక్కు చీది బల్లకు రాసిన బొద్దు పిల్లాడా? జ్వరం బిడ్డను జనంలోకి తెచ్చిన ఆ తల్లి ఎవరో తెలిస్తే నాలుగు కడిగెయ్యాలని ఆమె నాలుక దురద పెట్టేది. నా బిడ్డకు ఏమన్నా అయ్యుంటే?

ఇరవై రెండో రోజు పాపతో కొట్టుకు వచ్చింది. మాస్టారు వరండాలో ఎవరి చేతో స్నేహితుల పేర్లు చెప్పిస్తున్నారు. ఆకుపచ్చ పుస్తకం లోపల బల్ల మీద ఉంది. ఆమె తిన్నగా ఆ సోమవారం పేజీ తీసింది.

పది నలభై ఉంది. అనుమానం గడిలో 'కళ్ళు ఎరుపు. ఏడుపట. నమ్మను' ఉంది. పేరు ఉండాల్సిన చోట మాత్రం నీలం చొక్కా గుడ్డతో మాసిక వేసి ఉంది. కాగితానికి గుడ్డ మాసిక! నాలుగు వైపులా మిషను మీద రెండేసి వరసల కుట్టు.

ఆమె చుట్టూ చూసింది. బాబాయ్ ఆమెను చూసి, గోడ మీద చూడ్డానికేదో ఉన్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె కుట్లు విప్పే చిన్న కత్తి తీసింది. ఒక వైపు విప్పింది. రెండో వైపు విప్పింది. మాసిక ఎత్తి చూసింది.

కింద ఇంకో మాసిక ఉంది. తెల్ల లైనింగు గుడ్డ, దాని మీద మార్కింగు పెన్సిలుతో మాస్టారి దస్తూరి.

'అమ్మాయ్, విప్పేది నువ్వేనని నా అనుమానం. ఆ తల్లికి ఆ రోజు తెలీదు. నేను చెప్పగానే బిడ్డని ఎత్తుకుని పరిగెత్తింది. పేరు తెలిస్తే నువ్వు ఆ ఇంటి చొక్కాలకి కాజాలు వంకరగా కుడతావు. నా కొట్టు పరువు పోతుంది. మళ్ళీ కుట్టెయ్. దీని కింద ఇంకోటి ఉంది, శ్రమ పడకు.'

ఆమెకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత, ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని ఆ ఎండలో ఎలా పరిగెత్తి ఉంటుందో కళ్ళకు కట్టింది. అదే రోజు, అదే దారిలో, కాసేపటికి తనూ అలాగే నడిచింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. చిట్టచివరికి నవ్వొచ్చింది, బుట్టలో పాప లేచేంత నవ్వు. సూదిలో నీలం దారం ఎక్కించి మాసిక చుట్టూ కాజా కుట్టు వేసింది, తనకు వచ్చిన వాటిలో అన్నిటికన్నా సన్నది.

తర్వాత ఆ రోజు కుట్టాల్సిన చొక్కాలు ముందేసుకుంది. నలభై ఉన్నాయి. అందులో ఆ ఇంటి చొక్కా కూడా ఉండొచ్చు. ఏదో తెలియదు కాబట్టి అన్నిటికీ తిన్నగానే తీసింది కాజాలు.

సాయంత్రం మాస్టారు లోపలికి వచ్చి పుస్తకం తెరిచారు. మాసిక అంచు మీద వేలు పోనిచ్చారు. ఆమె తలెత్తలేదు. ఆయన చొక్కాల దొంతర దగ్గరికి వెళ్ళి, ఇనప స్కేలు తీసి, నలభై చొక్కాల కాజాలూ ఒక్కొక్కటే కొలిచారు.

"ఏం మాస్టారూ, దొరికాడా దొంగ?" అన్నాడు బాబాయ్.

"ఒక్కటి కూడా వంకర లేదు," అన్నారు మాస్టారు, స్కేలును ఎగాదిగా చూస్తూ. "ఈ స్కేలు మీద నాకు అనుమానంగా ఉంది బాబాయ్."